ఆపరేషన్‌కి కన్సెంట్ తీసుకోవడం ఎలా: హౌస్ సర్జన్లకు, పీజీలకు

రాత్రి పదింటికి వార్డు నుంచి ఫోన్ వస్తుంది: "సార్, పొద్దున ఫస్ట్ కేసుకి కన్సెంట్ అవ్వలేదు." హౌస్ సర్జన్ వెళ్లి కేస్ షీట్ తెరిచి, మంచం పక్కన కూర్చున్న పేషెంట్ భర్తతో "ఇక్కడొకటి, ఇక్కడొకటి, వెనకాల ఒకటి" అని సంతకాలు పెట్టించుకుని వచ్చేస్తాడు. రెండు నిమిషాలు కూడా పట్టదు. ఆ టైంలో పేషెంట్ నిద్రపోతూ ఉంటుంది. తెల్లారి ఏదైనా తేడా కొడితే ఆ కాగితం ఆమెనీ కాపాడదు, డాక్టర్‌నీ కాపాడదు.

తన ఒంటి మీద ఏం చేయనివ్వాలో పేషెంట్ తీసుకునే నిర్ణయం పేరే కన్సెంట్. సంతకం ఆ నిర్ణయానికి రసీదు. ఆ నిర్ణయం తెలుగులో జరగాలి, మనం చదువుకున్నదేమో ఇంగ్లిష్‌లో. చిక్కు చాలావరకు అక్కడే వస్తుంది. అందుకని ఇక్కడ ఒకే ఆపరేషన్‌ని పట్టుకుని పని మొత్తం చూద్దాం: గాల్ బ్లాడర్ రాళ్లకు చేసే ల్యాప్ కోలీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ గాల్ బ్లాడర్‌ని తీసేయడం. హెర్నియాకైనా థైరాయిడ్‌కైనా అంకెలు మారతాయి గానీ పద్ధతి ఇదే.

ఎవరు, ఎప్పుడు, ఎక్కడ

ఆపరేషన్ చేసే సర్జనే మాట్లాడితే మంచిది. కుదరకపోతే ఆ ఆపరేషన్ ఎలా చేస్తారో, ఎక్కడ తేడా వస్తుందో తెలిసిన పీజీ మాట్లాడొచ్చు. ఒక్క ల్యాప్ కోలీ కూడా చూడని హౌస్ సర్జన్ మాట్లాడకూడదు. ఆ హౌస్ సర్జన్ మీరే అయితే "మేడమ్, నేనింకా చూడలేదు, మీ పక్కన ఉండి వింటాను" అని చెప్పడానికి మొహమాటపడకండి. పేషెంట్ అడిగే రెండో ప్రశ్నకే మీ దగ్గర జవాబు ఉండదు. స్టాఫ్ నర్స్ సాక్షిగా ఉండొచ్చు, వివరించే పని ఆవిడ మీద పెట్టకూడదు.

ఓపీలో ఆపరేషన్ డేట్ ఇచ్చేటప్పుడే మొదటిసారి మాట్లాడాలి. అడ్మిట్ అయ్యాక, ముందు రోజు సాయంత్రం భోజనాల వేళకు ముందే రెండోసారి. మిడజోలం (మగత మందు) పడ్డాక తీసుకున్న సంతకాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఓటీ (ఆపరేషన్ థియేటర్) బయట స్ట్రెచర్ మీద తీసుకున్నదీ అంతే. గౌను వేసి, ఐవీ పెట్టి, తలుపు దాకా తీసుకొచ్చాక "వద్దు" అనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

2012 జనవరిలో బీహార్‌లోని అరారియా జిల్లాలో ఒక స్కూల్లో రెండు గంటల్లో 53 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ క్యాంపు మీద వేసిన దేవికా బిశ్వాస్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, వివరాలు వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలని, చెప్పాక మనసు మార్చుకునే వీలుండేలా సుమారు గంటైనా వ్యవధి ఇవ్వాలని అంది. గంట అన్నది క్యాంపులకు చెప్పిన మాట. ముందే డేట్ వేసుకున్న ఆపరేషన్‌కి కనీసం ఒక రాత్రి ఇవ్వండి.

ఇరవై నిమిషాలు పెట్టుకోండి. స్టూలు లాక్కుని కూర్చోండి, మంచం దగ్గర నిలబడి మాట్లాడితే వెళ్లిపోయే తొందరలో ఉన్నారనే అనుకుంటారు. కర్టెన్ వేయండి. కళ్లద్దాలు, వినికిడి మెషిన్ ఉంటే పెట్టుకోమనండి. ఏజెన్సీ నుంచి వచ్చిన పేషెంట్‌కో, తండా నుంచి వచ్చిన అవ్వకో తెలుగు సరిగా రాకపోతే ఆ భాష వచ్చిన పెద్దవాళ్లని పిలవండి. పదేళ్ల మనవడి చేత "అమ్మమ్మకి చెప్పు" అనిపించడం అనువాదం కిందికి రాదు. మధ్యలో ఎవరు చెప్పారో వాళ్ల పేరు ఫారంలో రాయండి.

ఎవరి సంతకం

పద్దెనిమిదేళ్లు నిండి, తెలివిలో ఉన్న మనిషి అయితే ఆ మనిషిదే. భర్తది కాదు, కొడుకుది కాదు, బిల్లు కట్టే బావగారిది కాదు.

ఇందులో గందరగోళానికి ఒక కారణం ఉంది. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో 7.16 చూస్తే భార్య లేదా భర్త, మైనర్ అయితే తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, లేదా పేషెంట్ అని అందరినీ ఒకే వాక్యంలో కట్టేశారు. అది చదివి "భర్త సంతకం చాలు" అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమీరా కోహ్లీ తీర్పు చదివితే ఆ అనుమానం పోతుంది. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత ఆగని బ్లీడింగ్‌తో వెళ్లింది. కారణం తెలుసుకోవడానికి ల్యాపరోస్కోపీ (పొట్టలోకి కెమెరా పెట్టి చూడటం) చేస్తామన్నారు, దానికి ఆమె సంతకం పెట్టింది. మత్తులో ఉండగా బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు, ట్యూబులు తీసేశారు. తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు తేల్చింది. పేషెంట్ మేజర్, తాత్కాలికంగా మత్తులో ఉందంతే, ప్రాణానికి అప్పటికప్పుడు ముప్పు లేదు, కాబట్టి లేచేదాకా ఆగాల్సింది. ఆపరేషన్ నైపుణ్యంగా చేశారా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాలేదు. ఫీజు పోయింది, 25 వేలు పరిహారం కట్టాల్సి వచ్చింది.

మన రెండు రాష్ట్రాల్లో ఈ తీర్పుకి అదనంగా బరువుంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో ఎక్కువగా ఉన్న చోట్ల ఆంధ్ర, తెలంగాణ ముందు వరసలో ఉంటాయి, అందులోనూ నలభై దాటనివాళ్లు చాలామంది. "పిల్లలు పుట్టేశారుగా, ఉంచుకుని ఏం చేస్తావు, క్యాన్సర్ వస్తుంది" అనే మాటతో తీసుకున్న ఒప్పుకోలు భయపెట్టి తీసుకున్నదే. భయం వల్లో అపోహ వల్లో ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదని భారతీయ న్యాయ సంహిత 28వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 90, చెబుతోంది.

చదువు రాకపోవడం తెలివి లేకపోవడం కాదు. చూడాల్సినవి నాలుగే: చెప్పింది అర్థమైందా, కాసేపు గుర్తుంటోందా, మంచిచెడ్డలు బేరీజు వేసుకోగలుగుతున్నారా, తన మాట ఏదోలా చెప్పగలుగుతున్నారా. జ్వరంలో పలవరిస్తున్న మనిషికి సాయంత్రం లేని తెలివి పొద్దునకి రావొచ్చు. అప్పుడు వెళ్లండి.

ఇంట్లోవాళ్లని బయటికి గెంటమని దీని అర్థం కాదు. మన దగ్గర నిర్ణయం నలుగురు కూర్చుని తీసుకునేదే, అందులో తప్పేం లేదు. మొదట పేషెంట్‌తో ఒంటరిగా ఐదు నిమిషాలు మాట్లాడి, "మీ వాళ్లని కూడా పిలవమంటారా అమ్మా?" అని అడిగి, సరే అంటే పిలవండి. "నాన్నకి క్యాన్సర్ అని చెప్పొద్దు డాక్టర్‌గారూ, తట్టుకోలేడు" అని కొడుకు కారిడార్లో చేతులు పట్టుకుంటాడు. ఆయనతో గొడవ పడొద్దు, మాట ఇవ్వనూ వద్దు. లోపలికెళ్లి తండ్రినే అడగండి: "మీ జబ్బు సంగతులన్నీ మీకే చెప్పమంటారా, లేక మీ అబ్బాయితో మాట్లాడమంటారా?" కొంతమంది "వాడికే చెప్పండి బాబూ" అంటారు. అది ఆయన నిర్ణయం, ఆయన మాటల్లోనే కేస్ షీట్లో రాసుకోండి. ఎక్కువమంది మాత్రం "నాకే చెప్పండి" అంటారు. అప్పుడు చెప్పాలి.

ఏం చెప్పాలి, ఏ మాటల్లో

అచ్చు ఫారంలో "శస్త్రచికిత్స వలన సంభవించు ఉపద్రవముల గూర్చి నాకు విశదపరచబడినది" అని ఉంటుంది. అది చదివి వినిపిస్తే చెప్పినట్టు కాదు. వార్తల్లో తప్ప ఎవరూ మాట్లాడని తెలుగు అది. పిత్తాశయం అన్నా కూడా చాలామందికి తెలియదు. "కోడిని కోసేటప్పుడు పగలకుండా తీసి పారేస్తారే ఆకుపచ్చ తిత్తి, చేదుగా ఉంటుంది, అలాంటిదే మీకూ లివర్ కింద ఉంటుంది" అంటే వంటింట్లో తిరిగిన ఎవరికైనా ఒక్క క్షణంలో అర్థమవుతుంది. కొన్ని ఊళ్లలో దాన్నే చేదుకట్టు అంటారు. పేషెంట్ ఏ మాట వాడితే మీరూ అదే వాడండి.

ఈ వరసలో చెప్పుకుంటూ రండి. ముందు జబ్బు: "ఆ తిత్తిలో రాళ్లు చేరాయి. కొవ్వు తిన్నప్పుడు అది బిగుసుకుంటుంది, రాయి మూతికి అడ్డం పడితే నొప్పి వస్తోంది." ఇక్కడ ఆగి, ఏమైనా అడుగుతారా అని చూడండి. "నీళ్లు బాగా తాగితే పడిపోవా?" అనే ప్రశ్న దాదాపు ఖాయం, ఎందుకంటే కిడ్నీ రాళ్ల సంగతి అందరికీ తెలుసు. ఇవి ఈ తిత్తిలో ఉన్నాయని, తాగిన నీళ్లు అటు వెళ్లవని చెప్పండి. తర్వాతి ప్రశ్న "రాయి ఒక్కటే తీసి తిత్తి ఉంచకూడదా?" అని. తిత్తి ఉంటే మళ్లీ రాళ్లు పడతాయి. మూడోది "అది తీసేస్తే అరుగుతుందా?" అని. పసరు (పైత్యరసం) తయారయ్యేది లివర్లో, తిత్తి దాచుకునే డబ్బా మాత్రమే, కొన్నాళ్లు కొందరికి విరేచనాలు పలచగా అవుతాయి, ఎక్కువమందికి ఏ తేడా తెలియదు.

తర్వాత ఏం చేస్తారో: "పూర్తి మత్తు ఇస్తారు. పొట్టలోకి గ్యాస్ నింపి, నాలుగు చిన్న రంధ్రాల్లోంచి తీస్తాం. లోపల వాపు ఎక్కువగా ఉండి కనపడకపోతే పక్కటెముకల కింద పెద్ద కోత పెట్టాల్సి రావొచ్చు. తిన్నగా జరిగితే ఒకటి రెండు రోజుల్లో ఇంటికి. భుజం నొప్పి అనిపిస్తుంది, గ్యాస్ వల్ల, రెండు రోజుల్లో పోతుంది. వారం పది రోజులకి మామూలు పనులు, బరువులు మాత్రం కొన్ని వారాలు ఎత్తొద్దు." పెద్ద కోత సంగతి ముందే చెప్పకపోతే మెలకువ వచ్చాక ఆ కోత చూసి "మాకు చెప్పిందొకటి, చేసిందొకటి" అంటారు. ల్యాప్ కోలీ తర్వాత వచ్చే గొడవల్లో ఇది మామూలే.

ప్రమాదాలు చెప్పేటప్పుడు రెండు రకాలూ చెప్పండి: తరచూ వచ్చే చిన్నవి, అరుదుగా వచ్చే పెద్దవి. శాతాలు వద్దు, మనుషుల లెక్కన చెప్పండి. "నూరు మందికి చేస్తే ఇద్దరి నుంచి ఐదుగురికి పెద్ద కోత పడుతుంది, వాపు ఉంటే ఇంకొంచెం ఎక్కువ. వెయ్యి మందిలో ముగ్గురి నుంచి ఐదుగురికి పసరు వెళ్లే పెద్ద గొట్టానికి దెబ్బ తగలొచ్చు, అలా జరిగితే మళ్లీ పెద్ద ఆపరేషన్ పడుతుంది, నెలలు పట్టొచ్చు. రక్తం పోవడం, కుట్ల దగ్గర చీము, పసరు కారడం, గొట్టంలో రాయి మిగిలిపోవడం కూడా అప్పుడప్పుడు జరుగుతాయి." మీ యూనిట్ అంకెలు వేరుగా ఉంటే అవే చెప్పండి. "చిన్న ఆపరేషనే అమ్మా, ఏమీ కాదు" అన్న మాట మాత్రం నోట రానివ్వకండి. ఏదైనా అయిన రోజున పేషెంట్‌కి గుర్తుండేది ఆ ఒక్క మాటే.

చివరగా, ఆపరేషన్ వద్దనుకుంటే ఏమవుతుంది. తొందరలో ఎక్కువగా ఎగిరిపోయేది ఇదే. నొప్పి లేకుండా, వేరే పనికి స్కాన్ తీస్తే బయటపడ్డ రాళ్లయితే మామూలుగా ఆపరేషన్ అక్కర్లేదని నిజాయితీగా చెప్పాలి. అలాంటివాళ్లలో ఏడాదికి నూటికి ఒకరి నుంచి నలుగురికే నొప్పి మొదలవుతుంది. నొప్పి వచ్చి వెళ్లినవాళ్లకు మాత్రం మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, రాయి జారి కామెర్లు రావొచ్చు, ప్యాంక్రియాస్ వాయొచ్చు. ఈ రెండు రకాల పేషెంట్లకి ఒకే మాట చెప్పి ఒకే ఫారం మీద సంతకం తీసుకుంటే, మొదటివాళ్లకి అన్యాయం చేసినట్టే.

డబ్బు సంగతి కూడా ఇక్కడే. ఎంతవుతుంది, పెద్ద కోత పడితే ఎంత పెరుగుతుంది, ఆరోగ్యశ్రీలో ఏది వస్తుంది, ఏది రాదు. ఆరోగ్యశ్రీ ప్రీఆథ్ (ముందస్తు మంజూరు) వచ్చిందంటే డబ్బుకి అనుమతి వచ్చినట్టు, పేషెంట్ అనుమతి వచ్చినట్టు కాదు. "కార్డు మీద అప్రూవల్ వచ్చేసిందిగా, ఇప్పుడు వద్దంటే ఏమంటారో" అని భయపడి ఒప్పుకునేవాళ్లుంటారు. వద్దనుకుంటే కార్డుకి ఏమీ కాదని మీరే ముందు చెప్పండి.

అర్థమైందో లేదో ఎలా తెలుసుకోవాలి

"అర్థమైందా?" అని అడగొద్దు. డాక్టర్ అడిగితే "ఆ, అయ్యింది సార్" అనకుండా ఉండేవాళ్లు లేరు. బదులుగా ఇలా అడగండి: "రేపు మీ చెల్లెలు ఫోన్ చేసి ఏం ఆపరేషనే అక్కా, ఎందుకంట అని అడిగితే ఏం చెబుతారు?" జవాబులో మూడు సంగతులు రావాలి: ఏం తీస్తారు, పెద్ద కోత పడొచ్చు, చేయించుకోకపోతే ఏమవుతుంది. ఏది రాకపోతే అది మళ్లీ చెప్పండి. "కిడ్నీలో రాళ్లు తీస్తారంట" అని వచ్చిందంటే మొదటి నుంచి మొదలుపెట్టాలి. నామోషీ పడకండి, ఆ తప్పు పేషెంట్‌ది కాదు, వివరించినవాళ్లది.

ఫారం నింపడం

ఖాళీలు వదిలిన ఫారం మీద సంతకం తీసుకోవద్దు, తర్వాత నింపుతానన్నా సరే. ఆపరేషన్ పేరు పొడి అక్షరాల్లో కాకుండా పూర్తిగా, తెలుగులో రాయండి: "గాల్ బ్లాడర్ తీసివేత, చిన్న రంధ్రాల ద్వారా, అవసరమైతే పెద్ద కోతతో." కుడి ఎడమలుండే ఆపరేషన్ అయితే కుడి, ఎడమ అని అక్షరాలా రాయాలి. చెప్పిన ప్రమాదాలు మీ చేతిరాతతో రాయండి. తేదీతో పాటు టైం వేయండి, ప్రీమెడ్ (ఆపరేషన్‌కి ముందిచ్చే మగత మందు) కంటే ముందే తీసుకున్నారని రుజువు అదే. తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన సంతకం, వైట్‌నర్ పూయొద్దు.

వేలిముద్ర అయితే ఏ చేతి బొటనవేలిదో రాసి, చదివి వినిపించింది ఎవరో రాయండి. సాక్షిగా ఆ మాటలు విన్నవాళ్లే ఉండాలి. అరగంట తర్వాత వచ్చి సంతకం పెట్టిన వార్డ్ బాయ్ దేనికి సాక్షి?

"డాక్టర్లకు అవసరమనిపించిన ఏ చికిత్సకైనా సమ్మతిస్తున్నాను" అనే అచ్చు వాక్యాన్ని నమ్ముకోకండి. పరీక్షకి ఇచ్చిన ఒప్పుకోలు చికిత్సకి పనికిరాదు, ఒక చికిత్సకిచ్చింది ఇంకోదానికి పనికిరాదు అని సమీరా కోహ్లీ తీర్పే చెప్పింది. రెండూ చేయాల్సి వస్తుందని ముందే అనిపిస్తే రెండిటికీ పేర్లు పెట్టి ఒకేసారి అడగొచ్చు, దానికి అడ్డేమీ లేదు.

మత్తుకి విడిగా, మత్తు డాక్టరే తీసుకోవాలి. రక్తం ఎక్కించడానికి విడిగా. వీడియో, ఫోటోలు తీసి పాఠాలకు వాడాలంటే విడిగా. హెచ్ఐవీ పరీక్షకి కూడా: సర్జికల్ ప్రొఫైల్ అని నాలుగు ట్యూబుల రక్తం తీసి చెప్పకుండా చేసేయడం అలవాటైపోయింది గానీ, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం ప్రకారం పేషెంట్‌కి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాల్సిందే.

మైనర్లకి తల్లి లేదా తండ్రి సంతకం. పన్నెండు దాటిన పిల్లలకి వాళ్లతో కూడా కూర్చుని చెప్పండి, వాళ్ల పొట్ట మీదే కదా కోత. అబార్షన్‌కి మేజర్ అయిన స్త్రీ ఒప్పుకోలు ఒక్కటే చాలు, భర్తది అడగకూడదు. కుటుంబ నియంత్రణకి ఆ 2002 నిబంధనల్లోని 7.16 భార్యాభర్తలిద్దరివీ అడుగుతుంది, ప్రభుత్వ ప్రమాణాలు మాత్రం చేయించుకునేవాళ్ల సంతకమే చాలంటాయి. రెండిటికీ పొత్తు కుదరని ఈ చోట మీ ఆసుపత్రి రాతపూర్వక విధానం ఏమిటో ముందే కనుక్కోండి.

లోపల ఇంకేదైనా కనిపిస్తే

కెమెరా పెట్టాక అండాశయం మీద నీటిబుడగ కనిపించింది. తీసేస్తే పోతుంది కదా, మళ్లీ మత్తు ఎందుకు, బయటికెళ్లి భర్తని అడిగొద్దాం అనిపిస్తుంది. ఆ కారిడార్లోకి వెళ్లొద్దు. ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఆమె లేచేదాకా ఆగితే ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పుందా? లేదంటే ఫోటో తీసి, నోట్స్‌లో రాసి, ఒప్పుకున్న ఆపరేషన్ ముగించి బయటికి రండి. రక్తం ఆగకుండా పోతుంటే ఆపడానికి ఏం కావాలో అది చేయండి, దానికి ఎవరినీ అడగక్కర్లేదు.

ఎమర్జెన్సీకి కూడా ఇదే తర్కం. యాక్సిడెంట్లో ప్లీహం పగిలి, బీపీ పడిపోయి, స్పృహలేకుండా ఒంటరిగా వచ్చిన మనిషికి సంతకం కోసం ఆగడం నేరం లాంటిది. అలాంటప్పుడు మేలు కోరి చేసినదానికి న్యాయ సంహిత 30వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ముందు ప్రాణం చూడాలని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోట్స్‌లో టైం, స్కాన్, బీపీ, బంధువుల కోసం ఏ నంబర్లకి ఎన్నిసార్లు చేశారో రాసి, ఇద్దరు డాక్టర్లు సంతకం పెట్టండి. ఇద్దరి సంతకం ఆనవాయితీగా వస్తున్న జాగ్రత్త, రెండో డాక్టర్ దొరకలేదని కేసు ఆపొద్దు.

వద్దంటే

ఒప్పుకున్న మనిషి ఏ క్షణంలోనైనా వెనక్కి తగ్గొచ్చు. ఓటీ టేబుల్ మీద, మత్తు ఎక్కకముందు "భయమేస్తోంది, వద్దు" అన్నా ఆపాలి. అది ఊరికే భయమైతే చేయి పట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడితే తగ్గుతుంది. తగ్గకపోతే వార్డుకి పంపండి. లిస్టు పాడైందని విసుక్కోకండి. డబ్ల్యూహెచ్ఓ సేఫ్టీ చెక్‌లిస్టులో మొదటి భాగం మత్తుకి ముందే పెట్టింది ఇందుకు కూడా: పేరేమిటి, ఏం ఆపరేషన్, ఏ వైపు, ఒప్పుకున్నారా అని పేషెంట్ నోటితోనే చెప్పించాలి. మీరు చెప్పి ఆమె చేత తల ఊపించడం చెక్‌లిస్టు కాదు.

పూర్తిగా వద్దని వెళ్లిపోతుంటే ఎల్ఏఎంఏ (డాక్టర్ సలహా కాదని వెళ్లిపోతున్నాననే) కాగితం మీద సంతకం తీసుకుని సరిపెట్టొద్దు. ఏం వద్దన్నారు, చేయించుకోకపోతే ఏమవుతుందని మీరు చెప్పారు, ఏ గుర్తులు కనిపిస్తే వెంటనే రావాలి (కళ్లు పచ్చబడటం, చలిజ్వరం, వీపులోకి పొడిచే నొప్పి) రాసి ఒక కాపీ చేతికివ్వండి. మళ్లీ వస్తే తిట్టకుండా చూస్తామని చెప్పండి. చాలామంది తిడతారనే రెండోసారి రారు, గొట్టంలో చీము పట్టాక వస్తారు.

ఆపరేషన్ అయ్యాక

గొట్టానికి దెబ్బ తగిలిందనుకోండి. చెప్పాల్సింది సర్జన్, చెప్పాల్సింది పేషెంట్‌కి, మెలకువ బాగా వచ్చాక అదే రోజు. ఏం జరిగింది, ఇప్పుడు ఏం చేస్తున్నారు, పెద్ద సెంటర్‌కి పంపాలా, ఖర్చెవరిది. తర్వాతి ఆపరేషన్‌కి మళ్లీ కొత్త కన్సెంట్ కావాలి, పాతది అయిపోయింది.

కేస్ షీట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, మూడేళ్లు భద్రపరచాలి. ఆ 2002 నిబంధనల్లోనే ఉంది. అడిగిన రోజున కన్సెంట్ ఫారంలో కొత్త సిరాతో ఏదైనా చేర్చాలనిపిస్తే చేయి వెనక్కి తీసుకోండి. చేర్చాల్సిందేమైనా నిజంగా ఉంటే ఆ రోజు తేదీ, టైం వేసి విడి కాగితం మీద రాయండి.